రోజుకో పేజీ రాస్తూ థీసిస్ ముగించడం ఎలా?

పీహెచ్‌డీ కోర్స్‌వర్క్ అయిపోయింది, ఫీల్డ్‌వర్క్ అయిపోయింది, ఫోన్ నిండా ఇంటర్వ్యూల రికార్డింగులు, అల్మారా నిండా జిరాక్స్ కాపీలు ఉన్నాయి, కానీ పూర్తయిన అధ్యాయం ఒక్కటీ లేదు. హన్మకొండ అద్దె గదుల్లో, కాకతీయ యూనివర్సిటీ (కేయూ) హాస్టళ్లలో, జనగామ నుంచో మహబూబాబాద్ నుంచో రోజూ తిరుగుతూ గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు చెప్పుకునేవాళ్లలో ఇలా ఆగిపోయిన స్కాలర్లు నాకు చాలామంది తెలుసు. తెలివికేం లోటు లేదు, కష్టపడే గుణానికీ లోటు లేదు. "చదవాల్సినవన్నీ చదివేశాక ఒక నెల సెలవు పెట్టి కూర్చొని రాసేస్తా" అనుకుంటారు, ఆ నెల మాత్రం రాదు. ఈలోగా ఇంటికి పోతే అమ్మ "ఇంకెప్పుడైతది బిడ్డా నీ చదువు?" అని అడుగుతుంది, జవాబు దొరకక ఇంటికి పోవడమే తగ్గించుకుంటారు.

నాకు దీని గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, ములుగు దాటాక ఏదో ఊళ్లో ఒక పెద్దాయన పని మానుకొని రెండు గంటలు కూర్చొని మీకు చెప్పిన సంగతులు ఇంకెవరి దగ్గరా లేవు. మీరు రాయకపోతే అవి మీ ఫోన్‌లోనే ఉండిపోతాయి, ఆ ఫోన్ పాడైతే అవీ ఉండవు. అందుకే మొదలుపెట్టండి, ఈ వారమే.

ముందు తేదీలు తెలుసుకోండి

మీ రిజిస్ట్రేషన్ ఎప్పుడైంది, ఏ నిబంధనల కింద అయింది, గడువు ఎప్పటికి ముగుస్తుంది అనే మూడు విషయాలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. 2022 నవంబరులో వచ్చిన యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్ ద్వారా ఇంకో 2 ఏళ్ల వరకు ఇవ్వొచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఆ పైన మరో 2 ఏళ్ల సడలింపు ఉంటుంది. మహిళా స్కాలర్లకు ప్రసూతి సెలవు, పిల్లల సంరక్షణ సెలవు కలిపి మొత్తం చదువు కాలంలో 240 రోజుల దాకా ఇచ్చే వీలు కూడా ఆ నిబంధనల్లో ఉంది, చాలామంది అడగక వదిలేస్తారు, అడగండి. ఈ నిబంధనలకు ముందు చేరినవాళ్లకు అప్పటి నిబంధనలే వర్తిస్తాయి కాబట్టి పక్క గది స్కాలర్ చెప్పింది నమ్మి కూర్చోకుండా రీసెర్చ్ సెక్షన్‌కు వెళ్లి మీ అడ్మిషన్ ఆర్డర్ చూపించి కనుక్కోండి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) ఉన్నవాళ్లకు ఇంకో లెక్క ఉంది: అదీ, దాని తర్వాత వచ్చే సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) కలిపి 5 ఏళ్లే. ఆ డబ్బు ఆగిపోయాక ఉద్యోగం చేసుకుంటూ రాయడం ఎంత కష్టమో మీ సీనియర్లను అడిగితే చెబుతారు.

ఒక గంట, రోజూ అదే గంట

"రేపు వీలు చూసుకొని రాస్తా" అనే మాట పక్కన పెట్టి గంటను ముందే ఖాయం చేసుకోండి. మన దగ్గర తెల్లవారుజామున 5 నుంచి 6 దాకా మంచి సమయం, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, ఎందుకంటే వరంగల్ ఎండల్లో పది దాటితే రేకుల గదిలో ఫ్యాన్ కింద కూర్చున్నా బుర్ర పనిచేయదు. పొద్దున కుదరని వాళ్లు రాత్రి భోజనాలయ్యాక పెట్టుకోండి. ఏ గంట అన్నది పెద్ద విషయం కాదు, అది రోజూ ఒకటే గంట కావాలి, అంతే. కొన్ని వారాలు అదే వేళకు కూర్చుంటే ఈ రోజు రాయాలా వద్దా అనే ఆలోచన పోతుంది, పళ్లు తోముకోవాలా వద్దా అని ఎవరూ ఆలోచించరు కదా.

ఆ గంటలో ఫోన్ వేరే గదిలో ఉండాలి. సైలెంట్‌లో పెట్టి పక్కన పెట్టుకోవడం చాలదు. పెళ్లయిన స్కాలర్లకు, ముఖ్యంగా కోడళ్లకు, ఈ గంట సంపాదించుకోవడమే అసలు పోరాటం అని నాకు తెలుసు. "నన్ను చదువుకోనివ్వండి" అని మామూలుగా అడిగితే ఇంట్లో ఎవరికీ ఏం చేయాలో తెలియదు. "అత్తమ్మా, పొద్దున ఆరు దాకా నేను తలుపేసుకొని రాసుకుంటా, ఆరు తర్వాత వంట నేనే చూసుకుంటా" అని గడియారం చూపించి అడిగితే చాలా ఇళ్లల్లో ఒప్పుకుంటారు. ఇంట్లో కుదరకపోతే బయట చోటు వెతుక్కోండి. కేయూ లైబ్రరీ ఉంది, హన్మకొండలో 1904లో పెట్టిన శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం గ్రంథాలయం ఉంది. మీ ప్రాంత చరిత్ర, సాహిత్యం మీద పని చేసేవాళ్లు ఎలాగూ ఆ గడప తొక్కాల్సిందే.

లెక్క వేయండి, భయం సగం పోతుంది

థీసిస్ అనగానే బైండింగ్ చేసిన లావు పుస్తకం కళ్ల ముందుకు వచ్చి టెన్షన్ పుడుతుంది. లెక్క చూడండి. రోజుకు ఒక పేజీ, వారానికి ఐదు రోజులు, అంటే 40 వారాల్లో 200 పేజీలు. పది నెలలైనా నిండవు. చిత్తుప్రతికి ఇంత చాలు. దిద్దుకోవడానికి ఇంకో నాలుగైదు నెలలు పెట్టుకోండి. ఈ రోజు ఉత్సాహంగా ఉందని పది పేజీలు రాసి, అలసిపోయి, తర్వాత వారం రోజులు ఫైల్ తెరవకపోవడం కన్నా రోజూ ఒక పేజీ రాసి లేచిపోవడం మేలు. ఎందుకంటే వారం ఆగి తిరిగి కూర్చున్నప్పుడు ఎక్కడ ఆపామో, ఏం చెప్పబోయామో గుర్తు తెచ్చుకోవడానికే ఒక పూట పోతుంది. పత్తి ఏరేవాళ్లు చేను మొత్తం వైపు చూస్తూ నిలబడరు, తమ సాలు పట్టుకొని ఏరుకుంటూ పోతారు, మధ్యాహ్నానికి తలెత్తి చూస్తే సగం చేను అయిపోయి ఉంటుంది. మీరూ మీ సాలు పట్టుకోండి.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకొని రోజూ తేదీ, ఏం రాశారు, ఎంత రాశారు అని ఒక్క లైన్ రాయండి. రాయని రోజు "రాయలేదు" అని రాయండి, కారణాలు అక్కర్లేదు. నెలాఖరున ఆ పేజీ చూసుకుంటే మీ సంగతి మీకే తెలుస్తుంది.

అధ్యాయాన్ని ప్రశ్నలుగా విడగొట్టండి

దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను చూసినంతలో ఆగిపోయిన వాళ్లలో ఎక్కువమంది ఆగిపోయింది ఇక్కడే. "ఈ రోజు మూడో అధ్యాయం రాయాలి" అని కూర్చుంటే ఎవరూ రాయలేరు. అధ్యాయం ఒక రోజు పని కాదు, ఒక ప్రశ్న మాత్రం ఒక రోజు పని.

నర్సంపేట దగ్గర, గణపతిదేవుని కాలం నాటి పాకాల చెరువు కింద సాగునీటి పంపకం మీ అంశం అనుకుందాం. మూడో అధ్యాయం పేరు "నీటి నిర్వహణ వ్యవస్థ". పేరు గంభీరంగా ఉంది, రాయడానికి మాత్రం ఎక్కడా పట్టు దొరకదు. దాన్ని ఇలా విడగొట్టండి: ఈ చెరువుకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? తూములు ఎన్ని, ఏ తూము కింద ఏ ఊళ్లు? నీళ్లు ఎప్పుడు వదలాలో ఎవరు నిర్ణయిస్తారు? పూర్వం నీరటికాడు (తూము తెరిచి పొలాలకు నీళ్లు పంచే మనిషి) చేసిన పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? అతనికి ఏం ఇచ్చేవాళ్లు? చివరి ఆయకట్టు రైతుకు నీళ్లు అందకపోతే ఎవరి దగ్గరికి పోతాడు? వానలు తక్కువ పడిన ఏడాది ఏం చేశారు? ఆ ఏడాది గురించి ఎగువ రైతు చెప్పిందీ దిగువ రైతు చెప్పిందీ ఒకటేనా? మీ కంటే ముందు దీని మీద రాసినవాళ్లు ఏమన్నారు, మీరు ఊళ్లో విన్నది దానికి ఎక్కడ తేడాగా ఉంది?

ఇలా అధ్యాయానికి ఇరవై, పాతిక ప్రశ్నలు వస్తాయి. ఒక్కో ప్రశ్న ఒక్కో కార్డు మీద గానీ ఫైల్‌లో ఒక్కో ఉపశీర్షికగా గానీ పెట్టుకోండి. రోజూ ఒకటి తీసుకొని, ఎదురుగా కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు జవాబు రాయండి. వరసగా రాయాలని కూడా లేదు, ఆ రోజు ఏ ప్రశ్నకు మనసు పోతే అది రాయండి. పాతిక జవాబులూ అయ్యాక ముందువెనుకలు సర్ది, మధ్యలో అతుకు వాక్యాలు వేస్తే అధ్యాయం నిలబడుతుంది. సైన్స్ వాళ్లకూ ఇదే దారి, ఒక్కో పటం, ఒక్కో పట్టిక ఒక్కో ప్రశ్న: ఇందులో ఏం కనిపిస్తోంది, ఎందుకు అలా ఉంది, మిగతావాళ్ల ఫలితాలతో పోలిస్తే ఎలా ఉంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్ మిర్చి ధరల పట్టిక ఒకటి మీ దగ్గర ఉంటే దాని చుట్టూ మూడు రోజుల రాత పని ఉన్నట్టే.

ఏ అధ్యాయంతో మొదలుపెట్టాలి అని అడుగుతారు. పరిశోధన పద్ధతితో మొదలుపెట్టండి. మీరు ఏ ఊళ్లు ఎందుకు ఎంచుకున్నారు, ఎవరితో మాట్లాడారు, ఏం అడిగారు అన్నది మీరు చేసిన పనే కాబట్టి పుస్తకం తెరవకుండానే రాయగలరు. ఆ తర్వాత ఫీల్డ్ సమాచారం ఉన్న అధ్యాయాలు, తర్వాత పూర్వ పరిశోధనల సమీక్ష, ఆఖర్న ఉపసంహారం, అన్నింటికీ చివర ప్రవేశిక. ప్రవేశిక ముందు రాస్తే ఎలాగూ మళ్లీ రాయాల్సి వస్తుంది, ఎందుకంటే ఇంట్లోకి ఎవర్ని పిలుస్తున్నామో ఇల్లు కట్టకముందు తెలియదు.

రాసేటప్పుడు దిద్దకండి

మొదటిసారి రాసింది దిద్దకుండా ఎవరికీ చూపించనక్కర్లేదు. కాబట్టి వాక్యం బాగోలేదని వెనక్కి పోయి చెరిపేయకండి. తేదీ గుర్తు రాకపోతే అక్కడ "తేదీ చూడాలి" అని పెద్ద అక్షరాల్లో పెట్టి ముందుకు పొండి. ఆ తేదీ కోసం లేచి గూగుల్ తెరిస్తే గంట అక్కడే అయిపోతుంది. దిద్దడానికి, తేదీలు వెతకడానికి సాయంత్రం వేరే సమయం పెట్టుకోండి. చదవడం కూడా అంతే, రాసే గంటలో చదవడం ఉండకూడదు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైలులో వెళ్లేవాళ్లు ఆ ప్రయాణాన్ని చదవడానికి వాడుకోండి. చదివిన ప్రతి వ్యాసం గురించి నాలుగు వాక్యాలు, మీ సొంత మాటల్లో, పేజీ నంబరుతో సహా, ఆ రోజే రాసిపెట్టండి. సమీక్ష అధ్యాయం రాసేనాటికి ఆ నోట్సే మీకు అన్నం పెడుతుంది.

గంట అయిపోగానే ఆపేయండి, ఆలోచన నడుస్తున్నా సరే. లేచే ముందు రేపు మొదట రాయాల్సిన సంగతి ఒక వాక్యంలో కింద రాసి పెట్టండి: "రేపు: నీరటికాడి కొడుకు చెప్పిన గొడవ సంగతి." రేపు పొద్దున ఖాళీ తెర ముందు బిత్తరపోయి కూర్చోవాల్సిన అవసరం ఉండదు.

ఇంకొకటి. టైపింగ్ రాదని కాగితం మీద రాసి డీటీపీ సెంటర్‌లో ఇద్దామనుకునే తెలుగు మాధ్యమం స్కాలర్లు చాలామంది ఉన్నారు. కాగితం మీద రాయడం అలవాటైతే అలాగే రాయండి, అభ్యంతరం లేదు, కానీ టైప్ చేయించేటప్పుడు యూనికోడ్‌లో (ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే అక్షర పద్ధతి) చేయమని ముందే చెప్పండి. డీటీపీ వాళ్లు వాడే పాత పద్ధతి అను ఫాంట్లలో చేస్తే తర్వాత ఆ ఫైల్‌లో ఒక మాట వెతకాలన్నా, వేరే కంప్యూటర్‌లో తెరవాలన్నా, ఆన్‌లైన్‌లో పెట్టాలన్నా అవస్థే. మీ విభాగం అను ఫాంటే కావాలంటే ఆఖర్న మార్పించుకోవచ్చు. వీలైతే మీరే నేర్చుకోండి. ఫోన్‌లో తెలుగు మాట్లాడితే అక్షరాలుగా మార్చే సౌకర్యం ఇప్పుడు బాగానే పనిచేస్తోంది, ఇంటర్వ్యూలు రాసుకోవడానికి చాలా పనికొస్తుంది, తప్పులు మాత్రం విని సరిచేసుకోవాలి. శీర్షికలకు వర్డ్‌లోని హెడింగ్ స్టైల్స్ వాడితే విషయసూచిక దానంతట అదే తయారవుతుంది. పుస్తకాల వివరాలు జోటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోండి, అది ఉచితం. రాసింది ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మీకు మీరే పంపుకున్న మెయిల్‌లో ఒకటి, మూడు చోట్ల ఉండాలి. ఫైల్ పేరులో తేదీ పెట్టండి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అని పెట్టుకుంటే రేపు ఏది ఏదో మీకే తెలియదు.

గైడ్‌తో ఎలా నడుచుకోవాలి

రాయని స్కాలర్ మొదట చేసే పని గైడ్ కంట పడకుండా తిరగడం. సార్ కారిడార్‌లో కనిపిస్తే పక్క మెట్ల మీదుగా దిగిపోవడం. ఎన్ని రోజులు తప్పించుకుంటే వెళ్లి నిలబడటం అంత కష్టమవుతుంది. నెలకోసారి, పేజీలు తక్కువైనా సరే, వెళ్లండి. మొత్తం అధ్యాయం అయ్యేదాకా ఆగకండి. పది పేజీలు ప్రింట్ తీసి, పైన ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసివ్వండి: "సార్, ఈ విభజన సరిపోతుందా? ఈ ఇంటర్వ్యూలు ఇక్కడ ఉంచాలా, అనుబంధంలో పెట్టాలా? ఇంకా ఎవరిని చదవాలి?" వంద పేజీలు ఒక్కసారే ఇస్తే బల్ల మీద అట్లాగే ఉంటాయి. పది పేజీలు, మూడు ప్రశ్నలు ఇస్తే ఎంత తీరిక లేని ప్రొఫెసరైనా చూసే అవకాశం ఎక్కువ. సార్ గానీ మేడమ్ గానీ చెప్పింది ఆ రోజే తేదీ వేసి రాసుకొని, "మీరు చెప్పినవి ఇవీ, ఇలా మారుస్తున్నాను" అని ఒక మెసేజ్ పెట్టండి. ఆరు నెలల తర్వాత మాట మారినప్పుడు అది మీకు ఆధారం, వాళ్లకూ గుర్తు చేసినట్టు ఉంటుంది. ప్రతి సెమిస్టరుకూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రగతి చెప్పాలన్న నిబంధన కూడా ఉంది. దాన్ని తంతుగా చూడకండి. ఆ తేదీకి ఒక అధ్యాయం చిత్తుప్రతి చేతిలో ఉండేలా పెట్టుకుంటే అదే మీకు గడువు.

ఇద్దరు ముగ్గురు స్కాలర్లు కలిసి, విభాగాలు వేరైనా ఫర్వాలేదు, వారానికోసారి కూర్చొని ఎవరు ఎన్ని పేజీలు రాశారో చెప్పుకోండి. సలహాలు ఇచ్చుకోనక్కర్లేదు, లెక్క చెప్పుకుంటే చాలు.

రాయలేని వారాలు వస్తాయి

బతుకమ్మ తొమ్మిది రోజులు, ఆ వెంటనే దసరా, చేలల్లో పత్తి తీసే కాలం, మాఘంలో పెళ్లిళ్లు, రెండేళ్లకోసారి మేడారం జాతర. ఇవన్నీ క్యాలెండర్‌లో ముందే కనిపిస్తాయి. ముందే గీత పెట్టి ఆ రోజులు వదిలేయండి, తప్పు చేస్తున్నామన్న బాధ లేకుండా పండుగ చేసుకోండి. తిరిగి వచ్చిన రోజు మాత్రం పేజీ రాయాలని పెట్టుకోకండి, ముందు రాసిన రెండు పేజీలు చదివి ఒక్క పేరా రాస్తే ఆ రోజుకు చాలు, పక్క రోజు నుంచి మామూలే. పోయిన రోజుల బాకీ తీర్చాలని రోజుకు నాలుగు పేజీలు పెట్టుకున్నవాళ్లు రెండో రోజే మానేస్తారు. పోయినవి పోయాయి.

కానీ వారాల తరబడి నిద్ర పట్టక, ఫైల్ తెరవాలంటేనే గుండె దడ వస్తూ, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోతే అది బద్ధకం కాదు. 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. థీసిస్ కన్నా మీరు ముఖ్యం, ఈ మాట మీకు ఇంట్లో ఎవరూ చెప్పకపోతే నేను చెబుతున్నాను.

కాపీ శాతం గురించి

2018 యూజీసీ నిబంధనల్లో లెక్క ఇలా ఉంది. మీ థీసిస్‌కు ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. ఇక్కడ పడిపోయేవాళ్లలో దొంగతనం చేద్దామనుకున్నవాళ్లు తక్కువ. నోట్సులో ఏది ఉటంకింపు, ఏది సొంత మాట అని గుర్తు పెట్టుకోక, రెండేళ్ల తర్వాత అంతా తమదే అనుకొని దించేసినవాళ్లు ఎక్కువ. అందుకే నోట్సులో పక్కవాళ్ల మాటలను కొటేషన్ గుర్తుల్లో, వేరే రంగులో పెట్టండి. దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగ వెబ్‌సైట్‌లో మీ అంశానికి దగ్గరగా ఉన్న సిద్ధాంత గ్రంథాలు రెండు మూడు తీసి చదవండి, నిర్మాణం ఎలా ఉందో చూడటానికి. వాటిలోని పేరాలు మాత్రం తెచ్చుకోకండి. రేపు మీదీ అక్కడికే వెళ్తుంది, ఎవరైనా పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

చివరి నెలలు

చిత్తుప్రతి మొత్తం అయ్యాక ఒక వారం దాని వైపు చూడకండి. తర్వాత ప్రింట్ తీసి గట్టిగా చదవండి. నాలుక తడబడిన చోట వాక్యం బాగోలేదని అర్థం. మొదటిసారి వాదన మాత్రమే చూడండి, అధ్యాయం మొదట్లో అడిగిందానికి చివర జవాబు ఉందా అని. రెండోసారి ఆధారాలు, తేదీలు, "చూడాలి" అని వదిలేసినవి. మూడోసారి అచ్చుతప్పులు, ఇవి మీకు కనిపించవు కాబట్టి ఒక స్నేహితుడి చేత చదివించండి. థీసిస్ ఇవ్వడానికి ముందు జరిగే ప్రీ-సబ్మిషన్ సెమినార్‌లో వచ్చిన ప్రశ్నలన్నీ ఎవరితోనైనా రాయించుకోండి, మాట్లాడుతూ మీరు రాసుకోలేరు. బైండింగ్‌కు, ఫీజు బకాయిలు లేవన్న కాగితాలకు, సంతకాలకు కలిపి కనీసం మూడు వారాలు వేసుకోండి. సంతకం పెట్టాల్సినవాళ్లు సెలవులో ఉంటే మీ గడువు మీ కోసం ఆగదు.

థీసిస్ ఇచ్చేశాక గైడ్ కాకుండా కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూస్తారు, వాళ్ల నివేదికలు రావడానికి నెలలు పడుతుంది. ఆ గంటను వదిలేయకండి. అదే వేళకు కూర్చొని మీ బలమైన అధ్యాయం నుంచి ఒక వ్యాసం తీయండి, ఉద్యోగ ఇంటర్వ్యూల్లో పనికొస్తుంది. నివేదికలు వచ్చాక వాటిలోని ప్రతి ప్రశ్నకూ అర పేజీ జవాబు రాసుకొని వైవాకు (మౌఖిక పరీక్షకు) వెళ్లండి, మీ కాపీలో ముఖ్యమైన పేజీలకు రంగు చీటీలు అంటించుకోండి. వైవాలో చెప్పిన సవరణలు ఆ వారంలోనే చేసి గైడ్‌కు చూపించి, సాఫ్ట్ కాపీ అప్పగించి రసీదు తీసుకోండి. మీకు సమయం ఇచ్చి మాట్లాడిన ఊరి వాళ్లకు ఫోన్ చేసి అయిపోయిందని చెప్పండి, వాళ్ల మాటలు ఉన్న పేజీలు జిరాక్స్ తీసి పంపండి.